ఎర్ర దిబ్బల మధ్యాహ్నం

తొట్టెలో తీగలు ఉదయం పూట బాగుంటాయి. ఆ గది కిటికీలకు ఎప్పుడూ నల్లటి తెరలు వేసి ఉంటాయి కాబట్టి లోపల ఉదయానికీ సాయంత్రానికీ తేడా ఉండదు. అయినా కుముదకు అలాగే అనిపించేది. ఆ వేళకు హాస్టళ్లలో అందరూ నిద్ర కళ్లతో ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. బకెట్లు పట్టుకుని వరసల్లో నిలబడతారు, పక్కవాళ్ల సబ్బు అడుగుతారు. అప్పుడు చీకట్లో ఒక్కొక్క తీగే, ఎవరో మెల్లగా ఊది రాజేసినట్టు, నీలంగా వెలిగేది.

తొట్టె పెద్ద పందిరిమంచమంత ఉంటుంది. గాజుది. అందులో ఉన్నవి సముద్రం నీళ్లే. భీమిలి వైపు ఒక్కో రోజు చీకటి పడ్డాక అలలు తమంతట తామే మెరుస్తాయి. ఆ మెరుపును మోసే, కంటికి ఆనని జీవుల్ని ఇందుమతి మేడమ్ ఆ నీళ్లలో పెంచారు. కొండ మీది విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన వాళ్లలో ఒప్పుకున్న వాళ్లందరి మణికట్టుకూ ఒక పల్చటి పట్టీ కట్టారు. పట్టీ నాడిని వింటుంది, ఊపిరిని వింటుంది. మనకు కావలసిన మనిషి దగ్గరికి వచ్చినప్పుడు మన ఊపిరి మనకు తెలియకుండానే ఆ మనిషి ఊపిరి నడకను వెతుక్కుంటుంది. అలా రెండు ఊపిర్లు ఒకదాన్నొకటి వెతుక్కున్నప్పుడల్లా తొట్టెలో రెండు చుక్కల మధ్య నీళ్లు గీత గీసినట్టు వెలుగుతాయి. ఆ ఇద్దరూ విడిగా ఉన్నప్పుడు కూడా మిగిలి ఉండే ఆ గీతనే ల్యాబ్‌లో తీగ అనేవారు. అది స్నేహమా, ప్రేమా, ఓర్వలేనితనమా అన్నది తొట్టెకు తెలియదు. ఏదో ఉందని మాత్రం తెలుసు.

చేరిన కొత్తలో ఆ తొట్టెను చూడాలి. చుక్కలు కనపడేవి కావు. అంతా తీగలే, చేపల వలను ఉండచుట్టి నీళ్లలో పడేసినట్టు. ఒకే బస్సులో దిగినందుకు ఒక తీగ, ఇంటి మీద బెంగ ఇద్దరికీ ఒకే సాయంత్రం వచ్చినందుకు ఒక తీగ. దసరా సెలవులకు వెళ్లి వచ్చేసరికి వాటిలో సగం లేవు. రెండో ఏడు వానలు పట్టేసరికి నీళ్లలో నల్లటి ఖాళీలు పెద్దవయ్యాయి.

"తగువులాడి తెంచుకున్నవి చాలా తక్కువ," అన్నారు ఒకరోజు మేడమ్, గాజు మీద అరచేయి ఆనించి. "తెంచుకుంటే ఒక్కసారి భగ్గుమని ఆరుతుంది, చూడగానే తెలుస్తుంది. ఇవన్నీ ఊరికే పోయాయి. వెళ్లి అడిగితే వాళ్ల దగ్గర కూడా జవాబు లేదు."

"మరి ఉన్నవి ఎందుకున్నాయి మేడమ్?" అంది కుముద. ఆమె మనస్తత్వశాస్త్రం చదువుతోంది, క్లాసులు లేనప్పుడు ఆ ల్యాబ్‌లో పని చేస్తోంది.

"పని లేకుండా కలిసేవాళ్లవి ఉన్నాయి. పనుండి కలిసేవాళ్లవి పనితో పాటే పోయాయి. ఇంతకంటే పెద్ద సిద్ధాంతం నాకేమీ దొరకలేదమ్మా. ఈ ముక్క కోసం సముద్రం నుంచి ఇన్ని నీళ్లు తోడించానా అనిపిస్తుంది ఒక్కోసారి."

చుక్కలకు పేర్లు లేవు. ఎవరి తీగ ఎక్కడుందో పని చేసేవాళ్లకు తెలియకూడదని నియమం. కానీ మొదటి ఏడు బక్రీదు సెలవు అయిపోయిన రోజున మెహర్ సాలూరు నుంచి తిరిగొచ్చి, బ్యాగ్ కూడా గదిలో పెట్టకుండా తిన్నగా ల్యాబ్ గుమ్మంలోకి వచ్చి "ఒసేయ్ కుమ్మీ" అని కేకేసింది. ఆ క్షణంలోనే, కుముద కళ్ల ముందే, తొట్టెలో ఒక మూలన మసకగా ఉన్న తీగ లేచి నిలబడ్డట్టు వెలిగింది. అది మొదలు కుముద రోజూ ముందు ఆ మూలకే చూసేది. చూడకూడదని తెలుసు. నాలుక పుప్పిపన్ను దగ్గరికే వెళ్తుంది, వెళ్లొద్దని చెప్పినా.

రెండో ఏడు వానల్లో ఆ తీగ సన్నబడడం మొదలైంది.

*

హాస్టల్ మెస్‌లో ఒక అలవాటుంది. ముందు వచ్చిన వాళ్లు తమ కంచం పెట్టుకుని, ఎదురుగా ఒక స్టీలు గ్లాసు బోర్లిస్తారు. బోర్లించిన గ్లాసు ముందు, ఎంత రద్దీగా ఉన్నా, ఎవరూ కూర్చోరు. ఎవరి కోసం అని అడగరు కూడా. ఎవరైనా మన కోసం గ్లాసు బోర్లించడం మానేస్తే, ఎందుకు మానేశావని అడగడం ఇంకా సిగ్గు. ఆ అలవాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. చేరిన వారంలోనే అందరికీ వచ్చేస్తుంది.

ఆ మధ్యాహ్నం కుముద ఎదురుగా గ్లాసు చాలాసేపటి నుంచి బోర్లా పడి ఉంది. వడ్డించే ఎర్నమ్మ పప్పు గిన్నెతో వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏటమ్మా, గ్లాసు ఒక్కర్తే కూకుంది. నీ జోడు రాలేదేటి?"

"వస్తుంది."

"ఒస్తాది, ఒస్తాది. పప్పు సల్లారిపోయినాక ఒస్తాది. ఆ రాళ్ల మేళంతోటి కొండ దిగి పోనాది, నాను సూసినాను."

రాళ్ల మేళం అంటే భూగర్భశాస్త్రం వాళ్లు. మెహర్ చదువు అది. మెహరున్నీసా తండ్రి సాలూరులో లారీల మీద బొమ్మలు వేస్తాడు. ఆ చెయ్యి కూతురికీ వచ్చింది. వాళ్ల గదిలో కుముద అల్మారా తలుపు మీద మెహర్ రెండు తామరపూలు, ఒక గద్ద వేసి, కింద పసుపు రంగుతో 'దూరం పాటించండి' అని రాసింది. శుక్రవారం శుక్రవారం ఆమె దాదీ ఫోన్ చేస్తుంది. తండ్రిని కన్న తల్లి. ఒకసారి ఫోన్ కుముద చేతికిమ్మని చెప్పి, మనవరాలి తలకు నూనె రాయనందుకు కుముదను చెడామడా తిట్టింది. ఆ తిట్టు గుర్తొచ్చినప్పుడల్లా కుముదకు తనకూ ఆ ఇంట్లో ఒక పీట వేసినట్టుండేది.

మెహర్ పరిగెత్తుకుంటూ వచ్చింది. కాళ్లకు మోకాళ్ల దాకా ఎర్రటి దుమ్ము.

"సారీ సారీ సారీ. కొట్టకు."

"నిన్నెవరు కొడతారు? తిను."

"అలా అనకే. కొట్టు. కొడితేనే బాగుంటుంది." గ్లాసు తిప్పి నీళ్లు పోసుకుని గటగటా తాగింది. "ఎర్నమ్మత్తా, పప్పు! ఇవాళ ఏమైందో తెలుసా, దిబ్బల్లోకి వెళ్లామా, దాక్షి ఏమందంటే..."

చెప్పి తనే పొట్ట పట్టుకుని నవ్వింది. కుముద కాస్త ఆలస్యంగా నవ్వింది. దాక్షి ఎవరో ఆమెకు తెలియదు. ఆ పేరు కొన్నాళ్లుగా వింటోంది, ఎవరని అడగాల్సిన రోజు దాటిపోయింది. ఇప్పుడు అడిగితే ఇన్నాళ్లూ వినలేదని తేలిపోతుంది.

మర్నాడు తొట్టె దగ్గర చాలాసేపు వెతికితే గానీ ఆ తీగ కనపడలేదు. తలవెంట్రుకంత ఉంది.

*

"పట్టీ వినడమే కాదు, చెప్పగలదు కూడా," అని మేడమ్ ఎప్పుడో అన్నారు. ఇద్దరి మధ్య గడిచిన ఒక వేళను ఎంచుకుని, అప్పుడు వాళ్ల నాడి, వాళ్ల ఊపిరి ఎలా నడిచాయో అదే నడకను, వాళ్లు దగ్గరైనప్పుడల్లా పట్టీ తిరిగి ఒంటికి వినిపిస్తుంది. ఒళ్లు దాన్నే తనదనుకుంటుంది. తీగ తగ్గదు. దానికి నిలుపుదల అని పేరు పెట్టారు. అనుమతులు వచ్చాయి. ముందుకొచ్చే జంటే లేదు.

ఆ నిలుపుదల తమకు పెట్టమని కుముద అడిగినప్పుడు ఇందుమతి మేడమ్ కుర్చీలో కూర్చుండిపోయారు.

"నీ తీగ ఏదో నీకు తెలుసన్నమాట."

"తెలుసు మేడమ్."

తిడతారనుకుంది. తిట్టలేదు. "మా రోజుల్లో హాస్టల్ గదిలో నాతో పాటు ఒకమ్మాయి ఉండేది," అన్నారు. "రెండేళ్లు ఒకే కంచంలో తిన్నాం. ఇప్పుడు ఆమె పేరు నాకు గుర్తు లేదు. నిజంగానే లేదు, కుముదా. పళ్లు తోముకుంటూ ఏదో కూనిరాగం తీసేది. అది మాత్రం ఉండిపోయింది. ఎవరిదో తెలియని రాగం ఒకటి ఇంట్లో తిరుగుతూ ఉంటుంది, నేను పళ్లు తోముకునేటప్పుడు." ఆగి, తొట్టె వైపు చూశారు. "నీ స్నేహితురాలిని అడిగావా?"

గదికి వెళ్లి అడిగితే మెహర్ మంచం మీద బోర్లా పడుకుని గోళ్లలోంచి ఎర్రమట్టి తీసుకుంటోంది.

"అంటే నన్ను ఫ్రిజ్‌లో పెడతావా?"

"నిన్ను కాదే. మనల్ని."

"పాడైపోతామనా?"

కుముద మణికట్టు మీద పట్టీని తిప్పుకుంటూ నిలబడింది. మెహర్ లేచి కూర్చుంది. ఆటపట్టించే మొహం మెల్లగా మారింది.

"అంత భయమా నీకు? పిచ్చిదానా, నేనెక్కడికి పోతాను?"

"నువ్వు పోవు. అది ఊరికే పోతుంది."

మెహర్ ఆ మాటను కాసేపు చూసింది, చేతిలో పెట్టిన రాయిని చూసినట్టు. తర్వాత పట్టీ ఉన్న చెయ్యి చాపింది. "సరే, పెట్టు. కానీ మంచి రోజు చూసి పెట్టు. మొన్న నువ్వు అలిగిన రోజు పెట్టావనుకో, చచ్చేదాకా ఆ మొహం నేను చూడలేను."

అక్కడే పొరపాటు జరిగింది. అది పొరపాటని మనసుల్ని చదువుకున్న కుముదకూ మేడమ్‌కూ తట్టలేదు. అన్నిటికంటే సంతోషంగా ఉన్న రోజునే ఎంచుకున్నారు.

మొదటి ఏడు, తొలి వాన రోజు. ఇద్దరూ ఎర్రమట్టి దిబ్బల్లో దారి తప్పారు. రెండు పక్కలా నిలువెత్తు ఎర్రటి గోడలు, మధ్యలో ఇసుక బాట, పైన బూడిదరంగు ఆకాశం ముక్క. వాన ఒక్కసారిగా దిగింది. గోడల మీంచి ఎర్రటి నీళ్లు దారాలు దారాలుగా జారాయి. మెహర్ కాలు జారి కూర్చుండిపోయింది. లేపబోయి కుముద కూడా పడింది. లేవాలనిపించలేదు. ఎందుకో నవ్వు మొదలైంది, ఎంతకీ ఆగలేదు. గట్టు మీద గొర్రెల్ని తోలుకుపోతున్న ముసలాయన గోనెసంచి నెత్తిన కప్పుకుని ఒంగి చూసి, "ఏటర్రా, పిచ్చెక్కిందేటి?" అన్నాడు. అంతే, ఇంక ఊపిరి తిరగలేదు. ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. ఆ వేళ రెండు పట్టీలలో భద్రంగా ఉంది.

నిలుపుదల మొదలైన క్షణంలో తొట్టె మూలన తీగ లేచింది. వేలంత లావున, నిండుగా, కదలకుండా వెలిగింది. మిగతా తీగలన్నీ ఊపిరి తీస్తున్నట్టు మినుకుమినుకుమంటాయి. ఇది ఒక్కటే మినుకుమనలేదు. బాగుందనుకున్నారు.

*

తర్వాత రోజులు ఎలా గడిచాయో కుముదకు సరిగ్గా చెప్పడం రాదు. గదిలో ఎప్పుడూ వాన వాసన ఉన్నట్టుండేది. మెహర్ గుమ్మంలో కనపడగానే ఛాతీలో ఏదో వదులయ్యేది. గోడలు ఎర్రబడ్డట్టు, పైన ఆకాశం చిన్న ముక్కై దగ్గరికొచ్చినట్టు ఉండేది. ఇద్దరూ నవ్వేవాళ్లు. మెస్‌లో గ్లాసు బోర్లించి కుముద కూర్చుంటే మెహర్ వచ్చేది, కూర్చునేది, నవ్వేది. ఎర్నమ్మ కూడా అంది: "ఏటర్రా, దిష్టి తీయించుకోండి."

మెహర్ గొర్రెల ముసలాయన సంగతి చెప్పేది. మర్నాడు మళ్లీ చెప్పేది. అవే మాటలు, అక్కడక్కడే ఆగడం, గోనెసంచి కప్పుకున్నట్టు చెయ్యి నెత్తిన పెట్టుకోవడం. కుముద అంతే నవ్వేది. నవ్వు అబద్ధం కాదు. ప్రతిసారీ కొత్తగానే వచ్చేది.

విడిగా ఉన్నప్పుడు మాత్రం కొన్ని విషయాలు గుర్తుకొచ్చేవి. మెహర్ గుమ్మం దాకా ఏదో చెప్పాలని వస్తుంది, మొహంలో ఆ మాట ఉంటుంది, లోపలికి అడుగు పెట్టగానే తుడిచేసినట్టు పోతుంది. "ఏదో చెప్పాలనుకున్నానే," అంటుంది. "ఏంటది?" అంటే, "పోయింది. అవునూ, ఆ రోజు ఆ గొర్రెలాయన..." కుముదకూ అంతే. పలాస నుంచి నాన్న ఫోన్ చేసి, జీడిపప్పు బట్టీ మూసేశారని, తన పని పోయిందని చెప్పిన రోజున ఆమె గది బయట వరండాలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. మెహర్ వచ్చి పక్కన కూర్చోగానే నాన్న గొంతు దూరమైపోయింది. దాన్ని ఓదార్పు అనుకుంది అప్పుడు. మెహర్‌కు ఆ సంగతి ఇప్పటికీ తెలియదని ల్యాబ్‌కు వెళ్లాక, తొట్టె ముందు నిలబడ్డాక తట్టింది.

తీగ మాత్రం కదలకుండా వెలుగుతోంది. దాన్ని చూస్తూ, మేడమ్ ఒకసారి తమలో తాము అనుకున్నట్టు అన్నారు: "ఇది పెరగడం కూడా లేదు, చూశావా?"

*

ఆ శుక్రవారం దాదీ ఫోన్ రాలేదు. మధ్యాహ్నం సాలూరు నుంచి మెహర్ తండ్రి ఫోన్ వచ్చింది. వరండా చివర ఎవరో కూలబడ్డ చప్పుడు కుముద గదిలోంచి విని లేచేలోపే మెహర్ గుమ్మంలో ఉంది. మొహమంతా తడిసి ఉంది. నోరు తెరిచింది, ఏడుపు గొంతులోనే ఉంది. కుముదను చూసింది.

మొహం విచ్చుకుంది.

"కుమ్మీ," అంది నవ్వుతూ. "దాదీ పోయిందే."

కుముద నవ్వింది. ఛాతీలో ఆ వదులుతనం, ఎర్రటి గోడలు, వాన. "ఎప్పుడు?" అంది, నవ్వుతూనే.

"పొద్దున. నమాజు చేసుకుని పడుకుందట, లేవలేదట." మెహర్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోవడానికి. కళ్లు మాత్రం నవ్వడం లేదు. అవి రెండూ మొహం లోపల ఎక్కడో చిక్కుకుని అటూ ఇటూ చూస్తున్నాయి. "అబ్బా పిలిచాడు. నిన్ను కూడా తీసుకురమ్మన్నాడు. సాయంత్రం బస్సుకి వెళ్దామే, ఏం?"

"వెళ్దాం," అంది కుముద సంతోషంగా.

మెహర్ వెనక్కి తిరిగి వరండాలోకి పరిగెత్తింది. మెట్ల దాకా వెళ్లాక ఆమె గొంతు వినిపించింది, పొడుగ్గా, పగిలిపోతూ. అప్పుడు గానీ తను నవ్వినట్టు తెలియలేదు. బయటికి పరిగెత్తింది. మెట్ల మీద ముడుచుకుని కూర్చున్న మెహర్ తలెత్తింది. ఇద్దరి చూపులూ కలిశాయి. మెహర్ ఏడుపు మధ్యలో ఆగింది. దగ్గరికి వస్తున్న కుముదను చూసి ఆమె పెదవులు సాగాయి. కుముద పెదవులూ సాగాయి.

కుముద కళ్లు మూసుకుని వెనక్కి తిరిగింది. గోడ పట్టుకుని, చూడకుండా, దూరంగా నడిచింది. వెనక ఏడుపు మళ్లీ మొదలయ్యేదాకా నడిచింది.

*

ఇందుమతి మేడమ్ అంతా విని తొట్టె వైపు తిరిగారు. ల్యాబ్ చీకట్లో తీగ వెలుగు ఆమె కళ్లజోడు మీద పడి ఉంది.

"తప్పు నాది," అన్నారు చివరికి. "సంతోషం అన్నిటికంటే పెద్ద గది అనుకున్నాను. అందులో ఇంకేదీ పట్టదని తోచలేదు."

"తీసేయండి మేడమ్."

"తీసేస్తే ఏమవుతుందో తెలుసుగా? మనం నిలిపింది పైన వెలుగునే. అడుగున అది తగ్గాల్సినంతా తగ్గుతూనే ఉండి ఉంటుంది. ఎక్కడుండాలో అక్కడికి పడిపోతుంది. ఏమీ మిగలకపోవచ్చు. నీ వైపు కూడా." ఆగి, గొంతు తగ్గించారు. "ఇంకో దారి ఉంది. నువ్వు సాలూరు వెళ్లకు. ఒంట్లో బాగోలేదని చెప్పు. అక్కడ ఆ పిల్ల తనవాళ్ల మధ్య ఏడ్చి వస్తుంది. నీ తీగ నీకుంటుంది."

ఆ మాట కుముదను పట్టుకుంది. కాదనడానికి లేదు. అబద్ధం కూడా చిన్నదే. మెహర్ నాలుగు రోజుల్లో తిరిగొస్తుంది. గుమ్మంలో కనపడగానే ఛాతీ వదులవుతుంది. గొర్రెల ముసలాయన వస్తాడు. ఎర్రటి గోడల మధ్య వాన పడుతుంది. ఎప్పటికీ.

"వచ్చాక?" అంది. ఎవర్ని అడుగుతోందో తెలియలేదు. "వచ్చాక, దాదీ లేని మెహర్ నా దగ్గరకి రాదు మేడమ్. గుమ్మం బయటే ఉండిపోతుంది. మా నాన్న బట్టీ మూసేశారని ఏడ్చినదాన్ని నేను కూడా బయటే ఉన్నాను. మేమిద్దరం ఆ వరండాలోనే ఉన్నాం. గదిలో ఎవరున్నారో నాకు తెలియదు."

మేడమ్ లేచి యంత్రం దగ్గరికి వెళ్లారు. చెయ్యి పెట్టి, ఆగి, కుముద వైపు చూశారు. కుముద తల ఊపింది.

తీగ భగ్గుమంటుందనుకుంది. భగ్గుమనలేదు. నీళ్లలో పడిన ఇంకు చుక్క విచ్చుకున్నట్టు, ఊరికే, పోయింది. మూలన రెండు చుక్కలు మిగిలాయి, విడివిడిగా.

ఆమె తన లోపల వెతికింది. నొప్పి ఉంటుందనుకుని మెల్లగా, భయంగా వెతికింది. చీకట్లో గోడ ఉందనుకుని చెయ్యి చాపితే గోడ లేకపోయినట్టయింది.

*

గదికి వెళ్లేసరికి మెహర్ బ్యాగ్‌లో బట్టలు కుక్కుతోంది. తలెత్తి కుముదను చూసింది. ఈసారి ఏడుపు ఆగలేదు. ఎవరు చూస్తున్నారన్న పట్టింపు లేకుండా, చేతిలో చున్నీతో అలాగే నిలబడి ఏడ్చింది. కుముద ఒక అడుగు ముందుకు వేసి, దగ్గరికి తీసుకోవచ్చో లేదో తెలియక ఆగిపోయింది. చివరికి ఆమె మోచెయ్యి పట్టుకుంది. బస్సులో పక్క సీటు మనిషికి కళ్లు తిరిగితే పట్టుకున్నట్టు.

"సారీ," అంది మెహర్ మొహం తుడుచుకుని. "నిన్ను ఇబ్బంది పెడుతున్నాను."

"పర్లేదు."

"నువ్వు రావాలనేం లేదు. నీకు క్లాసులుంటాయి కదా. అబ్బాకి నేను చెప్తాను."

కుముద బ్యాగ్ జిప్పు వేసిపెట్టింది. గేటు దాకా మోసింది. అక్కడ రాళ్ల మేళంలోని పొడుగాటి అమ్మాయి ఒకతె ఎదురొచ్చి, మాట లేకుండా మెహర్‌ను గుండెకు హత్తుకుంది. దాక్షి అంటే ఈమేనని కుముదకు తెలిసింది. బ్యాగ్ ఆమె చేతికిచ్చింది.

"థాంక్స్ కుముదా," అంది మెహర్. ఆ నోటి నుంచి ఆ పేరు పూర్తిగా రావడం అదే మొదటిసారి.

మర్నాడు కుముద తన పట్టీ విప్పి మేడమ్ బల్ల మీద పెట్టింది. సాలూరు నుంచి వచ్చాక మెహర్ కూడా ఇచ్చేసింది. తర్వాత సెలవులయ్యాక వేరే గది తీసుకుంది. అల్మారా మీద తామరపూలు, గద్ద ఉండిపోయాయి. ఎర్ర దిబ్బల మధ్యాహ్నం కుముదకు గుర్తుంది. ఎవరు ముందు జారిపడ్డారో, ముసలాయన ఏమన్నాడో అన్నీ చెప్పగలదు. ఎందుకంత నవ్వు వచ్చిందో మాత్రం తెలియదు.

*

మూడో ఏడు వానలు. మెస్ కిక్కిరిసి ఉంది. బయట గొడుగులు కుప్పగా పడి ఉన్నాయి. నేలంతా తడి అడుగులు. కుముద ఆలస్యంగా వచ్చింది. కంచం పట్టుకుని చూస్తే ఎక్కడా చోటు లేదు, గోడ వారన ఒక్కచోట తప్ప. అక్కడ గ్లాసు బోర్లించి ఉంది. గ్లాసుకు ఇవతల మెహర్, దాక్షి, ఇంకో ఇద్దరు.

దాక్షి అడుగుతోంది: "ఎవరికే ఆ గ్లాసు? అందరం ఇక్కడే ఉన్నాం కదా."

మెహర్ గ్లాసు వైపు చూసింది, అప్పుడే చూసినట్టు. "ఏమో. చెయ్యి పెట్టేసింది."

"చెయ్యి పెట్టేయడమేంటే? దెయ్యాలకు పెడుతున్నావా అన్నం?"

బల్లంతా నవ్వారు. మెహర్ తలెత్తింది. కంచంతో నిలబడ్డ కుముద కనపడింది. ఇద్దరిలో ఎవరి మొహమూ తనంతట తాను విచ్చుకోలేదు. వెనక నుంచి ఎర్నమ్మ, "దారిలో నిలబడతావేటి, జరుగమ్మా," అని కసిరింది.

కుముద బల్ల దగ్గరికి వెళ్లింది. ఆ హాస్టల్లో ఎవరూ అడగనిది అడిగింది.

"ఎవరికోసమైనా పెట్టావా?"

మెహర్ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "తెలీదు," అంది. "కూర్చో."

కుముద కూర్చుని గ్లాసు తిప్పింది. మెహర్ జగ్గు ఇటు జరిపింది. దాక్షి వాళ్లు తమ మాటల్లో పడిపోయారు. ఈ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. అన్నం కలుపుకున్నారు.

"సాంబారులో ఉప్పు లేదు," అంది మెహర్ కాసేపటికి.

"మెల్లగా. ఎర్నమ్మ వింటుంది."

కిటికీ మీద వాన గట్టిపడింది. మెహర్ కంచంలోకే చూస్తూ అంది: "దాదీ నిన్ను ఒకసారి ఫోన్‌లో తిట్టింది కదూ?"

"ఊ. నీ తలకి నూనె రాయట్లేదని."

"ఏమని తిట్టింది?"

"హాస్టల్లో ఉన్నారా, అడవిలో ఉన్నారా అంది. ఆ జుట్టులో పిట్టలు గుడ్లు పెడితే నాది పూచీ కాదు అంది."

మెహర్ నవ్వింది. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు నిండి, చెంప మీంచి జారి, కంచంలో పడ్డాయి. ఆమె దేన్నీ ఆపుకోలేదు. కుముద తన పెరుగు కప్పు మెహర్ వైపు తోసి, "మా నాన్న పని పోయిందే," అంది. "నీకు చెప్పలేదు అప్పుడు."

మెహర్ చేత్తో కళ్లు తుడుచుకుని ముందుకు వంగింది. "ఎప్పుడు?"

కొండ మీద, నల్లటి తెరల వెనక, తొట్టె మూలన ఆ వేళ ఏమీ వెలగలేదు. వెలగడానికి వాళ్ల చేతులకు పట్టీలు లేవు. కుముద చెప్పడం మొదలుపెట్టింది.